ప్రాగ్ నగరములో ఇరువది యేడు సిలువలు

(శతవార్షికోత్సవ కూడికలలో సాయంకాల సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఈ సాయంకాలము మాకు అప్పగింపబడిన అంశము తేలికైనదే. "మీరు ఐరోపా వెళ్ళివచ్చారు గదా, అక్కడ చూచిన వింతలు చెప్పండి, పిల్లలు కూడా వింటారు" అని కమిటీవారు అడిగారు. వింతలు చెబుతాము. అయితే చివర ఒక తప్పు ఒప్పుకొనవలసి ఉన్నది. దానికి మీ సహాయము కూడా అడుగవలసి ఉన్నది. కాబట్టి మధ్యలో లేచి వెళ్ళవద్దని మనవి.

2023వ సంవత్సరము జూన్ నెలలో మన అధ్యక్ష ఖండము నుండి పదకొండు మందిమి జర్మనీ దేశపు సంఘముల ఆహ్వానముపై వెళ్ళాము. నలుగురము గురువులము, ముగ్గురు అమ్మగార్లు, నలుగురు సంఘ పెద్దలు. పని ముగిసిన తరువాత మూడు దినములు చేతిలో మిగిలినవి. డ్రెస్డెన్ పట్టణములో రైలెక్కి, ఎల్బే నది ఒడ్డున సుమారు రెండున్నర గంటలు ప్రయాణము చేసి, చెక్ దేశపు రాజధాని ప్రాగ్ చేరుకొన్నాము. జాన్ హస్ ప్రసంగించిన ఊరు అని వేదాంత కళాశాలలో చదువుకొన్నాము గాని, దానిని కన్నులారా చూస్తామని ఎన్నడూ అనుకొనలేదు.

ఆ నగరములో ఊరు చూపించుట ఒక పెద్ద వృత్తి. ఉదయము తొమ్మిది గంటలకు పాతపట్టణపు చౌకులో నిలబడితే రంగురంగుల గొడుగులు కనబడతాయి. వాన లేకున్నా గైడులు వాటిని పైకెత్తి పట్టుకొంటారు. ఒక గొడుగు క్రింద ఇంగ్లీషు, మరొక గొడుగు క్రింద జర్మను, ఇంకొక గొడుగు క్రింద స్పానిషు. కొందరు ముందుగా రుసుము తీసుకొంటారు. కొందరు ఏమీ అడుగరు. రెండు మూడు గంటలు త్రిప్పి చూపించి, చివర ఎవరికి తోచినది వారు ఇమ్మంటారు. మన కానుకసంచి పద్ధతి అన్నమాట. మేము రుసుము చెల్లించిన గుంపులో చేరాము. మా గైడు ముప్పది యేండ్లకు మించని ఒక చెక్ యువతి. చరిత్ర చదువుకొన్నది. మంచి ఇంగ్లీషు మాట్లాడుతుంది. మేము పాస్టర్లమని తెలిసి నవ్వి, "నాకు మతము లేదు, ఇక్కడ చాలామందికి లేదు" అని ముందే చెప్పింది. 2021 జనగణనలో ఆ దేశస్థులు నూటికి 48 మంది తమకు మతవిశ్వాసము లేదని వ్రాయించుకొన్నారు.

ఆమె రాకముందే మేము చౌకు చేరి, పాత పురపాలక భవనపు గోపురమునకు తూర్పు ప్రక్కన నిలబడ్డాము. చేతిసంచులు క్రింద పెట్టాము. అమ్మగార్లు బిస్కట్లు పంచారు. ఒకరి ఫోటో ఒకరము తీసుకొన్నాము. తొమ్మిది కావస్తుండగా అందరూ గోపురము మలుపు తిరిగి గడియారము ముందుకు పరుగెత్తుతుంటే మేమూ పరుగెత్తాము.

ఆ గడియారము వింత చెప్పి తీరవలెను. దాని ప్రధాన యంత్రము 1410 నాటిది. గంటతోబాటు సూర్యచంద్రుల గమనమును కూడా చూపుతుంది. గంట కొట్టే వేళకు ఒక అస్థిపంజరము త్రాడు లాగి గంట మ్రోగిస్తుంది. పైన రెండు చిన్న కిటికీలు తెరచుకొని పన్నెండుగురు అపొస్తలులు ఒకరి వెనుక ఒకరు తొంగిచూచి వెళ్ళిపోతారు. చివర బంగారు కోడి కూస్తుంది. ఇదంతా ఒక్క నిమిషమైనా పట్టదు. అపొస్తలుల బొమ్మలు గడియారమంత పాతవి కావు. అంతకు ముందున్నవి 1945 మే నెల పోరాటములో కాలిపోగా, ఇప్పుడున్నవి యుద్ధానంతరము చెక్కినవి. వందలమంది ఫోనులు పైకెత్తి పట్టుకొన్నారు. కోడి కూయగానే గుంపు చెదిరిపోయింది. మాలో ఒక పెద్ద, "అయ్యగారూ, పేతురు గారు బయటికి రాగానే కోడి కూయుట బాగున్నదండీ" అన్నారు. అందరమూ నవ్వుకొన్నాము.

అప్పుడు మా గైడు గొడుగెత్తి మమ్మును వెనుకకు, మేము మొదట నిలబడిన చోటికే తీసుకొనివెళ్ళింది. "దయచేసి క్రిందికి చూడండి" అన్నది.

రాళ్ళు పరచిన ఆ నేలలో తెల్లని రాళ్ళతో సిలువలు పొదిగి ఉన్నాయి. ఇరువది యేడు. ప్రక్కనే ఒకదానిమీద ఒకటి వాలిన రెండు కత్తులు, ముళ్ళకిరీటము, ఒక తేదీ: 1621 జూన్ 21. గోపురపు గోడమీద కంచుపలకలో ఇరువది యేడు పేర్లు. అరగంట సేపు మేము వాటిమీద నిలబడి బిస్కట్లు తిన్నాము. మాలో ఒకరి సంచి ఇంకా ఒక సిలువమీదనే ఉన్నది. ఆయన గబగబా తీసుకొన్నారు. గైడు నొచ్చుకొనలేదు. "పరవాలేదు, అందరూ గడియారమే చూస్తారు" అన్నది.

ఆమె చెప్పిన కథ క్లుప్తముగా ఇది. 1618 మే 23న ఆ దేశపు ప్రొటెస్టంటు ప్రభువులు, తమ మందిరముల విషయములో ఇచ్చిన మాట తప్పినందుకు, చక్రవర్తి ప్రతినిధులను ఇద్దరిని, వారి కార్యదర్శిని కోట కిటికీలోనుండి క్రిందికి త్రోశారు. ముగ్గురూ బ్రతికారు గాని, అక్కడ రేగిన యుద్ధము ఐరోపాను ముప్పది సంవత్సరములు కాల్చివేసింది. 1620 నవంబరు 8న నగరము వెలుపల తెల్లకొండ అనే చోట ప్రొటెస్టంటు సైన్యము ఓడిపోయింది. మరుసటి సంవత్సరము ఈ చౌకులో నాయకులను ఇరువది యేడుగురిని చంపారు. ముగ్గురు ప్రభువులు, ఏడుగురు యోధులు, పదునేడుగురు సామాన్య పట్టణస్థులు. వారిలో ఒకరు కేథలిక్ అని కూడా ఆమె చెప్పింది. యెసెనియస్ అను ప్రసిద్ధ వైద్యునికి, విశ్వవిద్యాలయపు అధిపతికి, ముందు నాలుక కోసి తరువాత తల తీశారు. పన్నెండు తలలను వంతెన గోపురమునకు వ్రేలాడదీశారు. 1631 వరకు అవి అక్కడ ఉన్నవి.

తరువాత ఆ వంతెనమీదికే నడిచాము. చార్లెస్ వంతెనకు 1357లో పునాది వేశారు. వల్టావా నదిమీద పదునారు కమానులతో, అర కిలోమీటరుకు కొంచెము మించిన పొడవుతో ఉంటుంది. 1841 వరకు ఆ నగరమున నది దాటుటకు ఇదొక్కటే వంతెన. ఇరుప్రక్కల ముప్పది విగ్రహములు. ప్రతి గుంపు నెపోముక్ యోహాను అను పునీతుని దగ్గర ఆగుతుంది. 1393లో రాజు ఆజ్ఞపై ఆయనను ఈ వంతెనమీదనుండి నదిలో పడవేశారు. విగ్రహము క్రిందనున్న కంచుపలకను తాకితే మేలు కలుగుతుందని జనుల నమ్మకము. చేతులు తగిలి తగిలి ఆ చోటు పసుపు పచ్చగా మెరుస్తున్నది.

దానికన్న మమ్మును ఎక్కువసేపు నిలిపినది సిలువ వేయబడిన ప్రభువు విగ్రహము. దాని చుట్టూ బంగారు పూతతో హెబ్రీ అక్షరములు. మేము కళాశాలలో నేర్చి మరచిన హెబ్రీతో కూడబలుకుకొని చదివాము. యెషయా ఆరవ అధ్యాయములో సెరాపులు పాడే పరిశుద్ధ స్తుతి అది. సంతోషించాము. అప్పుడు గైడు ప్రక్కనున్న పలక చూపింది. 1696లో ఒక యూదునిపై సిలువను నిందించెనని నేరము మోపి, శిక్షగా అతని సొమ్ముతోనే ఈ అక్షరములను పెట్టించారట. యూదులను అవమానించుటకు వారి ప్రార్థన మాటలనే వాడుకొన్నారు. ఆ సంగతి వివరించే పలకను 2000వ సంవత్సరములో పెట్టారు. మూడువందల యేండ్లు జనులు ఆ అక్షరములను చూచి ఎంత అందముగా ఉన్నవో అనుకొని వెళ్ళారు.

మేము ప్రొటెస్టంటులమని ఆమె మాకు నచ్చే మాటలే చెప్పలేదు. 1419 జూలై 30న హస్ అనుచరులు కొత్తపట్టణపు అధికారులను కిటికీలోనుండి క్రిందికి పడవేసి చంపారనీ, తరువాతి యుద్ధములలో మఠములను తగులబెట్టారనీ కూడా చెప్పింది. మంచి గైడు అంటే అదే అనుకొన్నాము.

రెండవ దినమున ఇరువది రెండవ నంబరు ట్రామెక్కి కొండమీది కోటకు వెళ్ళాము. అక్కడి సెయింట్ వైటస్ కథెడ్రల్‌కు 1344లో పునాది వేసి, యుద్ధములవలన ఆపి, మరల మొదలుపెట్టి, 1929లో ముగించారు. 585 సంవత్సరములు! మన మందిరము స్లాబు ఆలస్యమైనదని ప్రతి కమిటీలో పాస్టరును నిలదీసే పెద్ద ఒకరు మాతో ఉన్నారు. ఆయన వైపు మేమందరమూ చూచాము. ఆయన పైకప్పు వైపు చూచారు.

కొండ దిగితే విజయమాత దేవాలయము వస్తుంది. మన కేథలిక్ సోదరుల ఇళ్ళలో గోడమీద కిరీటము పెట్టుకొన్న బాలయేసు పటము చూస్తుంటాము గదా, ఆ స్వరూపము ఇక్కడిదే. మూర ఎత్తు బొమ్మ. 1628లో ఒక రాజవంశపు స్త్రీ దానిని ఇక్కడి సన్యాసులకు ఇచ్చింది. ఆ మందిరము మొదట లూథరన్లు కట్టుకొన్నది. యుద్ధములో ఓడిన తరువాత 1624లో చేతులు మారింది. మా అమ్మగార్లలో ఒకరు, "మన ఊరి పటము ఇంత దూరమునుండి వచ్చిందా" అని చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

మూడవ దినమున మేము అడిగి చూపించుకొన్న చోటు బేత్లెహేము చాపెలు. 1391లో, చెక్ భాషలో ప్రసంగము వినుటకై కట్టినది. మూడువేలమంది పట్టేవారట. 1402 నుండి జాన్ హస్ ఇక్కడ ప్రసంగికుడు. ఊరివారి నీళ్ళబావి ఒకటి ఇప్పటికీ చాపెలు లోపలనే ఉన్నది. రాజు ఇచ్చిన అభయపత్రము నమ్మి కాన్‌స్టన్స్ సభకు వెళ్ళిన హస్‌ను 1415 జూలై 6న సజీవముగా దహించి, బూడిదను రైను నదిలో కలిపారు. 1999లో పోపు రెండవ జాన్ పాల్ ఆ క్రూర మరణమునకు తన విచారము తెలిపారు.

మేము తలవంచి ప్రార్థించిన తరువాత గైడు నెమ్మదిగా చెప్పింది: "ఇది హస్ ప్రసంగించిన కట్టడము కాదు. దానిని 1786లో పడగొట్టారు. మిగిలిన గోడముక్కలను కలుపుకొని 1950 తరువాత తిరిగి కట్టారు. కట్టించినది కమ్యూనిస్టు ప్రభుత్వము." ఇప్పుడది ఒక సాంకేతిక విశ్వవిద్యాలయపు సభామందిరము. మా ముఖములు చూచి ఆమెకు జాలి కలిగినట్టున్నది. "రండి, ఇప్పటికీ ఆరాధన జరిగే చోటు చూపిస్తాను" అని దగ్గరలోని సెయింట్ మార్టిన్ మందిరమునకు తీసుకొనివెళ్ళింది.

చిన్న మందిరము. పాత ప్రాకారపు గోడకు ఆనించి కట్టినది. ఆ కాలములో ప్రభురాత్రి భోజనములో రొట్టె మాత్రమే సంఘస్థులకు ఇచ్చేవారు, పాత్ర గురువులకే. 1414లో ఈ మందిరములో పాత్రను కూడా సామాన్యులకు అందించారు. అప్పటినుండి హస్ అనుచరులకు పాత్రయే గుర్తు, పాత్రయే జెండా. పాతచౌకులోని టిన్ దేవాలయపు నుదుట బంగారు పాత్ర పెట్టుకొన్నారు. ఓడిపోయిన తరువాత దానిని దించి కరగించి, మరియమాత విగ్రహపు శిరస్సు వెనుకనున్న తేజోవలయముగా పోశారు.

"ఒక గిన్నె కోసము అంత యుద్ధమా అని సందర్శకులు నన్ను అడుగుతారు" అన్నది గైడు.

మాలో వయసు మీరిన పెద్ద ఒకరు ఆ మూడు దినములలో ఒక్క ప్రశ్న అడుగలేదు. ఆయన తెలుగులో మాతో అన్నారు: "అయ్యగారూ, ఆమెకు చెప్పండి. మా ఊరి టీ కొట్టులో మా నాన్నకు వేరే గ్లాసు ఉండేది. తాగి, తానే కడిగి, చూరులో బోర్లించి రావాలి. ఆదివారము గుడిలో రెడ్డిగారు తాగిన పాత్ర అయ్యగారు తుడిచి మా నాన్న నోటికి అందించారు. ఆ రోజు మా నాన్న ఇంటికి వచ్చి అన్నము తినలేదు. ఏడుస్తూ కూర్చున్నాడు. గిన్నె కోసము యుద్ధము చేస్తారమ్మా అని చెప్పండి."

మేము ఇంగ్లీషులో చెప్పాము. ఆమె గొడుగు మడిచి చేతిలో పట్టుకొని వింటూ ఉండిపోయింది.

మధ్యాహ్నము ఆమె మమ్మును పింకాస్ సమాజమందిరమునకు తీసుకొనివెళ్ళింది. లోపల బొమ్మలు లేవు, బంగారము లేదు. గోడలనిండా పేర్లు. నాజీలు చంపిన ఈ దేశపు యూదులు, దాదాపు 78 వేల మంది. పేరు, పుట్టిన తేదీ, ప్రాణముతో ఉన్నట్టు తెలిసిన ఆఖరి తేదీ. 1950లలో ఇద్దరు చిత్రకారులు చేతితో వ్రాశారు. 1968 తరువాత ఇరువది యేండ్లకు పైగా మందిరమును మూసివేశారు. చెమ్మకు గోడలు చెడిపోయి పేర్లు పోయినవి. 1990లలో మరల మొదటినుండి, ఒక్కొక్క పేరే తిరిగి వ్రాశారు. అక్కడినుండి బయటికి వచ్చిన తరువాత మాలో ఎవరమూ ఫోటో తీసుకొనలేదు.

వీడ్కోలు వేళ ఆమె ఒక ప్రశ్న అడిగింది: "నేను మీ ఊరు వస్తే మీరు నాకేమి చూపిస్తారు?"

మేము తడుముకొనకుండా చెప్పాము. మందిరపు గోపురము ఎత్తు, గంట బరువు, ఏ దొరగారు ఏ సంవత్సరము కట్టించారు, బిషప్పుల వరుస. ఆమె శ్రద్ధగా విని, "మొదట నమ్మినవారెవరు?" అన్నది. మేము ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము.

సహోదరులారా, తెల్లకొండ తరువాత ప్రాగ్‌లో మన వంటి విశ్వాసులకు మందిరము మిగులలేదు. కొమేనియస్ వంటి గురువులు 1628లో దేశము విడిచి మరల చూడలేదు. మిగిలినవారు బైబిళ్ళు దాచుకొని బ్రతికారు. వారి సంతతిలో కొందరు 1722లో ఎల్లలు దాటి జర్మనీలో జింజెండార్ఫ్ ప్రభువు భూమిలో హెర్న్‌హట్ గ్రామము కట్టుకొన్నారు. వారే మొరేవియన్లు. 1760లో వారు మన తరంగంబాడికి కూడా వచ్చారు. 1736లో నడిసముద్రపు తుపానులో వారు నిర్భయముగా పాడుట చూచి జాన్ వెస్లీ తన విశ్వాసమును ప్రశ్నించుకొన్నాడు. ఆ వెస్లీ అనుచరులు మన మెదక్ సీమకు వచ్చారు. 1924 క్రిస్మస్ దినమున ప్రతిష్ఠింపబడిన మెదక్ కథెడ్రల్ వారి కాలపుది. మనకు సువార్త వచ్చిన దారులు అనేకము. అందులో ఒక దారి ఆ చౌకుగుండా నడిచింది. ఈ సంగతి గైడుకు మేము చెప్పాము. ఆమె తన పుస్తకములో వ్రాసుకొన్నది. కాని మన దారి మనము వ్రాసుకొన్నామా?

ఇప్పుడు ఆ తప్పు చెప్పవలెను. ఈ శతవార్షికోత్సవ ఏర్పాట్లలో ఒక పాస్టరేటులో మందిర ఆవరణము చదును చేసి, పందిళ్ళకొరకు, వాహనములకొరకు సిమెంటు పలకలు పరిపించారు. మూలలో మూడు పాత సమాధులు ఉండేవి. వాటి రాళ్ళు అరిగి అక్షరములు సరిగా కనబడేవి కావు. అడ్డముగా ఉన్నవని తీయించారు. ఏ పాస్టరేటని అడుగవద్దు. ఆ తీర్మానముమీద చేవ్రాలు చేసినవారిలో మేమూ ఉన్నాము. ప్రాగ్ వెళ్ళకముందు చేశాము. అప్పుడు మాకు తప్పనిపించలేదు.

తిరిగివచ్చిన తరువాత భూస్థాపన రిజిస్టరు తీసి చూచాము. మూడింటిలో ఒకటి మొదటి ఉపదేశిది. మరొకటి ఆయన కుమారునిది. ఆ రెండు పేర్లు దొరికినవి. రాళ్ళు చెక్కించుటకు ఇచ్చాము. మూడవదానికి రిజిస్టరులో "బైబిలు స్త్రీ, వృద్ధురాలు" అని మాత్రమే ఉన్నది. పేరు లేదు. ఆమె తలమీద గంప పెట్టుకొని పదునాలుగు పల్లెలు తిరిగి స్త్రీలకు అక్షరములు నేర్పించినదని పాతవారు చెప్పుకొనుట విన్నాము. ఆమె నేర్పిన అక్షరములతో చదువుకొన్న కుటుంబములవారు ఈ సభలో ఉన్నారు.

కాబట్టి మా మనవి రెండు మాటలలో చెప్పి ముగిస్తాము. ప్రతి పాస్టరేటులోను ఈ సంవత్సరము పూర్తికాకముందే, మొదట బాప్తిస్మము పొందినవారి పేర్లు, ఉపదేశుల పేర్లు, బైబిలు స్త్రీల పేర్లు రిజిస్టర్లలోనుండి, ముసలివారి నోటనుండి సేకరించి ఒక పుస్తకములో వ్రాయండి. మందిరములో గోడ ఉంటే గోడమీద వ్రాయండి. పట్టణమునుండి చుట్టాలు వచ్చి మందిరము చూపించుమన్నప్పుడు గోపురము దగ్గర మొదలుపెట్టకుండా, ముందు ఆ పేర్ల దగ్గరికి తీసుకొనివెళ్ళండి. యౌవనస్థులారా, ఈ పని మీది. గొడుగు కావలెనంటే మేము కొనిస్తాము.

రెండవది, ఆ మూడవ రాయి ఇంకా చెక్కించలేదు. స్థలము ఉంచాము. ఈ సభలో ఉన్న తల్లులలో, నాయనమ్మలలో, ఎవరికైనా గంప తలమీద పెట్టుకొని తిరిగిన ఆ బైబిలు అమ్మ పేరు జ్ఞాపకముంటే, సభ ముగిసిన తరువాత మేము పందిరి తూర్పు ద్వారము దగ్గర నిలబడి ఉంటాము. దయచేసి వచ్చి చెప్పండి. పూర్తి పేరు తెలియకున్నా, ఇంటిలో ఏమని పిలిచేవారో అదైనా చెప్పండి.

మన పితరులను నడిపించిన దేవుడు మనలను, మన పిల్లలను రెండవ శతాబ్దములోనికి నడిపించును గాక. ఆమేన్.